పెద్దమ్మ స్కానింగ్

మా ఇంట్లో ఎవరికి నెల తప్పినా డాక్టరు కంటే ముందు మా పెద్దమ్మకు కబురెళ్లాలి. వెళ్లకపోయినా ఎలాగో తెలిసిపోయి, తణుకు నుంచి బస్సెక్కి వచ్చేస్తుంది. వచ్చాక మంచినీళ్లు కూడా ముట్టదు. కడుపుతో ఉన్న పిల్లను గుమ్మంలో నిలబెట్టి, "ఏదమ్మా, అలా వంటింటిదాకా ఓసారి నడిచిరా" అంటుంది. కుడికాలు ముందు పడితే మగపిల్లాడు, ఎడమకాలైతే ఆడపిల్ల. పాపం, ఏ కాలు వేయాలో తోచక ఆ పిల్ల అక్కడే ఆగిపోతుంది. దానికీ ఓ లెక్కుంది: "తటపటాయిస్తోందంటే కవలలేమో!"

కడుపు ముందుకు పొడుచుకొస్తే మగ, పక్కలకు పరుచుకుంటే ఆడ. పులుపు అడిగితే మగ, తీపి అడిగితే ఆడ. మా వదిన ఒకే పూట మాగాయా జిలేబీ అడిగితే, "ముందు ఏది తిన్నావ్?" అని ఆరా తీసింది. గుండె 140 దాటి కొట్టుకుంటోందంటే ఇక తిరుగులేదు, ఆడపిల్లే. మొదటి నెలల్లో ఆడైనా మగైనా అంతే వేగమని బైపీసీ చదివే మా తమ్ముడు చెప్పబోతే, "నువ్వు మగపిల్లాడివని నువ్వు పుట్టకముందే చెప్పినదాన్నిరా!" అని నోరు మూయించింది. వాడు ఊరుకోక ఎక్స్, వై క్రోమోజోములు బొమ్మ గీసి, ఆడో మగో తేల్చేది తండ్రి వైపు కణమేనని చెప్పాడు. ఆ ఒక్కటీ శ్రద్ధగా వింది. అప్పట్నుంచి మొగుళ్లను కూడా నడిపించి చూస్తోంది.

వాంతులు ఎక్కువైతే ఆడపిల్ల అనడం కూడా ఉంది. ఆస్పత్రిలో చేర్చాల్సినంతగా వాంతులయ్యే వాళ్లకు ఆడపిల్లలు కాస్త ఎక్కువగా పుడుతున్నట్టు వైద్యుల పరిశీలనల్లోనూ తేలింది. ఈ సంగతి ఆవిడ చెవిన పడకుండా జాగ్రత్తపడుతున్నాం.

లింగ నిర్ధారణ నేరమని ప్రతి స్కానింగ్ సెంటర్లోనూ బోర్డుంటుంది. 1994 నాటి చట్టం. డాక్టరు నోరు జారితే జైలే. మా పెద్దమ్మ నోటికి మాత్రం ఏ సెక్షనూ లేదు. నన్ను తీసుకెళ్లిన రోజు సరిగ్గా ఆ బోర్డు కిందే కూర్చుని, వరుసలో ఉన్న నలుగురికీ చెప్పేసింది. కసురుకోవడానికొచ్చిన నర్సు అటూ ఇటూ చూసి, "మరి నాకేంటమ్మా?" అంది.

ఇంత చేసి, ఆవిడ మాట ఒక్కసారీ తప్పలేదు. అందులోని కిటుకు నా కాన్పప్పుడు బయటపడింది. మా అత్తగారితో "రాసిపెట్టుకోండి వదినగారూ, మనవడే" అందట. మా అమ్మతో వంటింట్లో "ఆడపిల్లేనే" అందట. పాప పుట్టాక నేను నిలదీస్తే, "మీ అమ్మనడుగు, ఏం చెప్పానో!" అని ఠీవిగా వక్క నమిలింది. నాకు ఒళ్లు మండింది. ఇంత మోసమా! ప్రతి ఇంట్లోనూ సగంమంది సాక్షులు సిద్ధంగా ఉంటే ఇంక ఓడేదెక్కడ?

మా అమ్మ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. పెద్దమ్మకు ముగ్గురూ ఆడపిల్లలే. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు ఎవరో వచ్చి "ఇదీ ఆడపిల్లే" అనేసి పోయారట. ఆ రోజు నుంచి కాన్పయ్యేదాకా వాళ్లత్తగారు ఆవిడ విస్తట్లో పెరుగు వేయలేదట.

అప్పుడు గుర్తొచ్చింది. నాకు ఆ తొమ్మిది నెలలూ పూటకో గ్లాసు పాలు, రాత్రి కాళ్లకు ఆముదం, అన్నీ మా అత్తగారి చేతుల మీదుగానే అందాయి. పాప పుట్టాక మొహం ఓ వారం ముడుచుకున్నారు గానీ, అప్పటికి నేను గట్టిపడ్డాను.

మొన్న ఆఫీసులో లిఫ్టు కోసం నిలబడితే, మా సెక్షన్లో కొత్తగా చేరిన అమ్మాయి వచ్చింది. ఆరో నెలట. తలుపు తెరుచుకోగానే నా కళ్లు ఆ పిల్ల కాళ్ల మీదికే పోయాయి. ఎడమకాలు.

"మీ అత్తగారు మీతోనే ఉంటారా?" అని అడిగాను.