నూఱీఁకల సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: నూఱీఁకలేఱి, గంటమేడనుండి గడ్డిపై దూఁకి, ఎగురుచు భటునిఁ దన్నినవాఁడు పూర్ణుఁడు.

అవతారిక. ‘అసాసిన్స్ క్రీడ్ 2’ అనే వీడియో గేమ్ 2009 నవంబరులో విడుదలైంది. తయారుచేసింది యూబీసాఫ్ట్ సంస్థవారి మాంట్రియల్ స్టూడియో. కథ 1476లో ఫ్లారెన్స్‌లో మొదలై 1499లో రోమ్‌లో ముగుస్తుంది. నాయకుడు ఎత్సియో ఆడిటోరే. మొదట్లో పదిహేడేళ్ల అల్లరివాడు, చివరికి నలభై ఏళ్ల హంతకుడు. అయితే కథ ముగియడం వేరు, ఆట పూర్తికావడం వేరు. ఆటలో చెప్పిన పనులు చేస్తే దక్కే గుర్తింపులుగా 2005లో ఎక్స్‌బాక్స్ 360తో అచీవ్‌మెంట్లు వచ్చాయి, 2008లో ప్లేస్టేషన్ 3కి అలాంటివే ట్రోఫీలు వచ్చాయి. కథలో శత్రువులందరినీ చంపినా వీటిలో చాలా మిగిలే ఉంటాయి. ఆ మిగిలినవాటి గురించే ఈ సూత్రం.

మూలంలో లేనిదేదీ రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి కట్టుబాటు పెట్టుకున్నాడు. ఇక్కడ మూలమే ఇంత పొట్టిది కనుక ఆ కట్టుబాటును ఆటంతటికీ వర్తింపజేసుకోవలసి వచ్చింది.

శాస్త్రారంభంలో అధికారి, అంటే అర్హుడు, ఎవరో చెప్పడం ఆచారం. కంట్రోలర్, ఖాళీగా ఉన్న టీవీ, రేపు పరీక్ష లేకపోవడం అనే మూడూ గలవాడు అధికారి. పరీక్ష ఉన్నవాడికే శ్రద్ధ ఎక్కువని మతాంతరం.

ప్రతిపదార్థం. నూఱు = తొంభైతొమ్మిది కానట్టి; ఈఁకలు = పక్షి ఈకలను; ఏఱి = ఇళ్ల కప్పుల మీద, దూలాల కొసన, గోపురాల చాటున వెతికి తీసుకొని; గంటమేడనుండి = ఫ్లారెన్స్‌లోని జొత్తో గంటగోపురం కొననుండి; గడ్డిపై = కింద ఎవరో పుణ్యాత్ముడు నిలిపి ఉంచిన గడ్డిబండి మీదికి; దూఁకి = తలకిందులుగా దూకి; ఎగురుచు = లియొనార్డో డా వించి చేసిన యంత్రంలో ఎగురుతూ; భటునిఁ = వెనిస్ మేడలపై కాపలా కాసే ఒకానొక సైనికుని; తన్నినవాఁడు = కాలితో తన్నినట్టివాడు; పూర్ణుఁడు = మిగతా ట్రోఫీలన్నీ సాధిస్తే దక్కే ప్లాటినం ట్రోఫీ కలవాడు అగును. ఎక్స్‌బాక్స్‌వారి పాఠంలో ‘పూర్ణుఁడు’ అంటే 1000 పాయింట్లు కలవాడని అర్థం.

వ్యాకరణ విశేషం. నూఱు, ఈఁకలు అన్నచోట ఉత్వసంధి. నూఱు చివరి ఉకారం లోపిస్తుంది కాని, ఈకల్లో ఒక్కటీ లోపించడానికి వీల్లేదు.

ఈకల వెనక కథ ఉంది. ఎత్సియో తండ్రి జొవాన్ని, అన్న ఫెడెరీకో, పసివాడైన తమ్ముడు పెత్రూచో ముగ్గురినీ ఫ్లారెన్స్‌లోని సిన్యోరియా చౌకులో ఉరితీస్తారు. పెత్రూచోకు ఈకలు పోగుచేసుకునే అలవాటుండేది. ఆ దుఃఖంతో తల్లి మరియాకు మాట పడిపోతుంది. మోంతెరిజోనీలో జొవాన్ని సోదరుడు మారియో ఇంట ఆమె తలదాచుకుంటుంది. ఆమె గదిలో ఒక పెట్టె ఉంటుంది. ఎత్సియో ఏరిన ఈకలన్నీ తెచ్చి అందులో వేయాలి. ఫ్లారెన్స్, టస్కనీ, రొమాన్యా, వెనిస్ అంతటా అవి చెదిరి ఉన్నాయి. దాచిన నిధుల కోసం పటాలు డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. ఈకలకు మాత్రం ఆట ఏ పటమూ అమ్మదు. ఎక్కడెక్కడ వెతికాడో గుర్తుపెట్టుకోనివాడు తొంభైతొమ్మిది దగ్గర ఆగి, ఎక్కిన కప్పులే మళ్లీ తొక్కవలసి వస్తుంది. చచ్చిపోయిన పిల్లవాడి సరదాను ట్రోఫీ లెక్కగా మార్చడం రసభంగమే. కాని ఆ వెతుకులాటలోనే ఆటగాడు ఊరిని సందుసందునా ఎరిగినవాడవుతాడన్నది కాదనలేం.

గంటమేడ సంగతి చిన్నది. 1334లో జొత్తో పని మొదలుపెట్టించిన ఈ గోపురం ఎత్తు సుమారు 85 మీటర్లు. లోపల 414 మెట్లున్నాయి, ఎత్సియో మాత్రం గోడపట్టుకునే ఎక్కుతాడు. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, అంత ఎత్తునుంచి పడే మనిషి నాలుగు సెకన్లు దాటేసరికి గంటకు సుమారు 147 కిలోమీటర్ల వేగంతో నేల చేరతాడు. గడ్డి ఏం చేయగలదన్నది తర్కశాస్త్రానికి అందని ప్రశ్న.

ఇక మూడో పని, ఎగురుతూ తన్నడం. దీని దగ్గరే పండితులు కూడా జారిపడ్డారు. ‘ఏఱి’, ‘దూఁకి’ అన్నవి క్త్వార్థకాలు. వాటి మధ్య ముందువెనకలు ఎలా ఉన్నా దోషం లేదు. ‘ఎగురుచు’ శత్రర్థకం. అంటే ఎగరడమూ తన్నడమూ ఏకకాలంలో జరగాలి. దిగాక తంతే చెల్లదు. వెనిస్‌లో దొంగల ముఠా మేడల మీద మంటలు వేస్తుంది. ఆ వేడిగాలి యంత్రాన్ని పైకి లేపుతూ ఉండగా ఎత్సియో వెనిస్ పాలకుడైన డోజ్ భవనం వైపు ఎగురుతాడు. దారిలో కనిపించిన భటుడి మీదుగా కిందికి వాలి ఒక్క తన్ను తన్నాలి. ఈ ట్రోఫీ పేరు ‘ఫ్లై స్వాటర్’. ఫ్లై అంటే ఈగ, ఎగరడం కూడా, కనుక శ్లేష. చిక్కేమిటంటే, గడిచిన ఘట్టాన్ని మళ్లీ ఆడే వెసులుబాటు ఈ ఆటలో లేదు. దాని తరవాతి ఆట ‘బ్రదర్‌హుడ్’లో ఆ సౌకర్యం వచ్చింది. ఇక్కడ తన్నకుండా దిగినవాడు మళ్లీ 1476కు వెళ్లి పదిహేడేళ్లవాడు కావలసిందే.

పూర్వపక్షం. లియొనార్డో 1482 ప్రాంతంలోనే మిలాన్ చేరి స్ఫోర్జా కొలువులో ఉన్నాడు కదా, 1485లో వెనిస్‌లో యంత్రం ఎలా ఇచ్చాడు? దేశకాల విరోధాన్ని ఆలంకారికులు దోషాల్లో లెక్కపెట్టారు. సమాధానం: తాము చెబుతున్నది చరిత్ర ప్రేరణతో అల్లిన కల్పన అని ఆట మొదటి తెరమీదే ఒప్పుకుంది. పైగా విరోధం లేనిచోట ఆట బాగానే నిలబడింది. 1478 ఏప్రిల్ 26న ఫ్లారెన్స్ కెథెడ్రల్‌లో ప్రార్థన మధ్య పాత్సీ కుట్రదారులు జులియానో మెడిచీని పొడిచి చంపడం, అతని అన్న లొరెంజో గాయంతో బయటపడడం నిజంగా జరిగినవే. లొరెంజో పక్కన ఎత్సియో ఉండడం కవి చేర్చుకున్నది.

ఫలం. యాభై ఈకలకు ఒక యుద్ధపు సమ్మెట దొరుకుతుంది. నూరూ నిండాక మరియా నోరు విప్పి కొడుకుతో మాట్లాడుతుంది, ఆడిటోరే కేప్ ఇస్తుంది. కేప్ అంటే భుజం మీద వేలాడే పొట్టి ఉత్తరీయం. మామూలుగా ఎత్సియోకు చెడ్డపేరు పెరిగినప్పుడు గోడమీది ప్రకటన చింపితే 25 శాతం, దండోరావాడి చేతిలో లంచం పెడితే 50, అవినీతి అధికారిని చంపితే 75 శాతం తగ్గుతుంది. ఈ కేప్ భుజాన ఉన్నంతసేపు ఏ ఊళ్లోనైనా చెడ్డపేరు నిండుగా ఉంటుంది, వీటిలో ఏదీ పనిచేయదు. జనంలో కలిసిపోవడమే వృత్తిగా గలవాడికి, కనిపించిన ప్రతి భటుడూ కత్తి దూసే బట్ట బహుమానం. దీన్ని వేసుకుని ఊరూరా తిరిగితే ఇంకో ట్రోఫీ కూడా ఉంది. అది పడ్డాక విప్పి పక్కన పెట్టేయడానికి ఆట అడ్డు చెప్పదు.