సంతకం పెట్టినంకనే సామాను దించాలె

జనగామ దాటి వరంగల్ వైపు పోతుంటే, స్టేషన్ ఘన్‌పూర్ ఇంకా రాకముందే మా రఘునాథపల్లి. ఈ హైవే పొడుగునా ఏ ఊళ్ళో చూసినా ఇట్లాంటి ఇల్లొకటి కనిపిస్తుంది. కింద రిటైరైన సారు, ఆయన భార్య. పైన మూడు గదులు, మూడు ఏసీలు, ప్లాస్టిక్ కవర్లు కూడా తీయని పరుపులు. అమెరికాలో ఉన్న కొడుకు పంపిన పైసలతో ఆ కొడుకు కోసమే కట్టిన మేడ. కొడుకు రెండేళ్ళకోసారి పదిహేను రోజులకు వస్తాడు. అందులో పది రోజులు అత్తగారిల్లే. ఇదిగో, ఆ ఖాళీ గదుల్లోంచి పుట్టిన కొత్త రకం మనిషి పేరు హోమ్‌స్టే సారు.

ఇంటిని రోజువారీ అద్దెల యాప్‌లో పెట్టింది కొడుకే, డాలస్ నుంచి. ‘కాకతీయ హెరిటేజ్ హోమ్‌స్టే’ అని పేరు పెట్టాడు. మొన్నమొన్న పోసిన స్లాబుకు కాకతీయులు ఏ వరసవుతారని మాత్రం అడగొద్దు. చిరునామా వరంగల్. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు మా మండలం జనగామ జిల్లాకు పోయింది గానీ, రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక యాత్రికులు వెతికేది వరంగల్ పేరే. వ్యాపారం దగ్గర కొడుకు ఉమ్మడి జిల్లావాది.

ఆ యాప్‌లో సారుకు నచ్చింది ఒకే ఒక్క గడి, ‘ఇంటి నియమాలు’. జీవితమంతా బడిలో బెత్తం పట్టుకుని తిరిగిన మనిషికి నియమాలు రాసుకొమ్మంటే ఊరుకుంటాడా? ఇరవై మూడు రాసి, చార్టు మీద స్కెచ్ పెన్నుతో దిద్ది, మెట్ల దగ్గర అంటించాడు. నేను స్వయంగా చదివినవి కొన్ని:

‘7. చెప్పులు బయటనే విడువాలె. 8. బయట అంటే గేటు బయట కాదు, కుక్క ఎత్తుకపోతది. 12. గీజరు ఎవలు వేస్తే వాళ్ళే బంద్ చెయ్యాలె. 15. అన్నం వదిలిపెట్టొద్దు. 19. పెండ్లి కాని జంటలు వస్తే ముందుగాల అమ్మతోని ఫోన్ల మాట్లాడియ్యాలె.’

అన్నిటికన్నా పైన, ఎర్ర సిరాతో: ‘సంతకం పెట్టినంకనే సామాను దించాలె.’

సంతకం పెట్టాల్సింది లాంగ్ సైజు రిజిస్టర్లో. సారు దాన్ని హాజరుపట్టీ అంటాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఏడికెళ్ళి వచ్చిండ్రు, ఏడికి పోతరు, పోయే తేదీ. స్కేలుతో గీతలు గీసినవి. ఒకసారి హైదరాబాద్ నుంచి ఇద్దరు సాఫ్ట్‌వేర్ పిల్లలు కారు దిగగానే నేనక్కడే ఉన్నాను.

“మీ నాయిన పేరేంది బిడ్డా?”

“అంకుల్, డీటెయిల్స్ అన్నీ బుకింగ్‌లో ఉన్నాయి.”

“అండ్ల నీ పేరుంటది. నాయిన పేరుంటదా? ఏ ఊరు మీది?”

“కూకట్‌పల్లి.”

“అది ఉండే జాగ. ఊరేది?”

“తుంగతుర్తి దగ్గర...”

“గట్ల చెప్పు! తుంగతుర్తిల మా తోడల్లుడు ఉంటడు.”

పది నిమిషాల్లో వరస కలిసింది. ఆ పిల్లవాడు సారుకు అల్లుడి వరస అయ్యాడు. అల్లుడి దగ్గర కోడికూర పైసలు తీసుకుంటే బాగుంటుందా? ఆ నెల లెక్కలో కోడి, పెరుగు, మక్క గారెలు అన్నీ ‘చుట్టాల ఖర్చు’ కింద పోయాయి. ఉమ్మడి నల్లగొండ నుంచి ఎవరు వచ్చినా సారుకు నష్టమే. అందుకే కోస్తా వాళ్ళొస్తే ఆయన మొహంలో కాస్త వెలుగు కనిపిస్తుంది. వాళ్ళతో చుట్టరికం కలపాలంటే కనీసం రెండో పూట దాకా పడుతుంది.

మరి సర్కారు రూల్సో? సారు వాటికోసం తిరగని గడప లేదు. పంచాయతీకి పోతే ఇంటి పన్ను, నల్లా బిల్లు కట్టారా అని మాత్రమే అడిగారు. కట్టానన్నాడు. అయితే పొమ్మన్నారు. ఇంత సులువుగా పాసయ్యేసరికి ఆయనకు అనుమానమొచ్చి మరునాడు మళ్ళీ పోయాడు. ఇంటి మీటరును కమర్షియల్ కేటగిరీకి మారుస్తారేమోనన్న భయం వేరే ఉంది. లైన్‌మన్ వీధిలోకి వస్తే అతిథుల్ని మేనల్లుళ్ళని పరిచయం చేస్తాడు. చివరికి కేంద్ర పర్యాటక శాఖ పథకం దొరికింది. ఒకటి నుంచి ఆరు గదుల దాకా, పన్నెండు మంచాలు మించకుండా ఇవ్వొచ్చు, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురముండాలి, తనిఖీ చేసి గోల్డో సిల్వరో ఇస్తారు. “సిల్వర్ అంటే సెకండ్ క్లాసే గద” అని సారు గోల్డుకు ప్రిపేరవుతున్నాడు. అంతా పరీక్షల హడావుడే.

ఇటు తండ్రికి రూల్సు దొరక్క బాధ, అటు కొడుకుది రూల్సు ఎక్కువై బాధ. డాలస్‌లో రెండో ఇల్లు కొని రోజువారీ అద్దెకు ఇద్దామనుకున్నాడు. 2023 జూన్‌లో అక్కడి నగర కౌన్సిల్ కాపురాల కాలనీల్లో అట్లాంటి అద్దెలు కుదరవని తీర్మానించింది. డిసెంబరులో కోర్టు దాన్ని ఆపింది. ఇల్లు కొన్నవాడికి మాత్రం నిద్ర రాలేదు. తండ్రిని కూడా భయపెట్టాలని న్యూయార్క్ సంగతి ఎత్తాడు: అక్కడ 2023 సెప్టెంబరు నుంచి, నెలలోపు అద్దెకిస్తే ఇంటాయన అతిథితో పాటు ఆ ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించొద్దు, లోపలి గదుల తలుపులకు తాళాలు ఉండకూడదు.

సారు ఫోన్ చెవి మార్చుకున్నాడు. “గిండ్ల కొత్తేముందిరా?”

నిజమే, ఏముంది! మేడ మీది తలుపులు వానలకు ఉబ్బి గొళ్ళాలు పడవు. పొద్దున ఆరింటికి సారు చాయ్ గ్లాసులతో నేరుగా మంచం దాకా వస్తాడు. ఏడింటికల్లా ఖిలాషాపురం బయల్దేరదీస్తాడు. మొఘలులకు ఎదురుతిరిగిన సర్వాయి పాపన్న కోట మా మండలంలోనే ఉండగా రామప్పకు పోవడమేందని ఆయన వాదన. అంత పెద్ద నగరం చట్టం చేసి, జరిమానాలు పెట్టి చేయించేది ఈయన పుట్టుకతోనే చేస్తున్నాడు. ఓ జంట యాప్‌లో రాసింది: ‘ఏకాంతం కోసం వచ్చాం. దొరకలేదు. పచ్చిపులుసు అద్భుతం.’ ఐదు నక్షత్రాలు.

ఇద్దరికి మించొద్దన్న లెక్క ఒక్క మేడారం జాతరకే తప్పుతుంది. మొన్నటి జాతరకు గదికి పద్నాలుగు మంది, మూటల్లో బెల్లం. సారు హాజరు పిలవడానికే అర్ధరాత్రయింది.

ఆయన నిజంగా వణికింది ఒక్కసారే. చేర్యాల నకాషీ బొమ్మలు చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఒకామె దిగింది. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఫారం పంపాలి. మేడమీద సిగ్నల్ లేదు, ఫొటో ఎక్కదు, ఓటీపీ డాలస్‌కు పోతుంది, డాలస్‌లో కొడుకు పనిలో ఉంటాడు. రాత్రంతా సారు గేటు అరుగు మీద ఫోన్ పైకెత్తుకుని కూర్చున్నాడు. తెల్లారి ఫారం పోయాక ఆమె ముందు హాజరుపట్టీ పెట్టి తండ్రి పేరు కూడా రాయించాడు.

పోయిన డిసెంబరులో కొడుకు చెప్పకుండా వచ్చాడు, ఆశ్చర్యపరుద్దామని. మూడు గదులూ హన్మకొండ పెళ్ళివాళ్ళకు బుక్కయి ఉన్నాయి.

“క్యాన్సిల్ చెయ్ నాయినా.”

“చేస్తే రేటింగ్ పోతది.”

కొడుకు పెట్టెలోంచి గాలిపరుపు తీసి హాల్లో పరిచాడు. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు కుర్రాళ్ళు ఇంటద్దె కట్టలేక హాల్లో గాలిపరుపులు వేసి అద్దెకిస్తేనే ఈ యాప్‌ల వ్యాపారం మొదలైందట. ఆ పరుపు ఇప్పుడు రఘునాథపల్లి హాల్లో పడింది. అర్ధరాత్రికి సగం గాలి పోయింది. సారు లేచి, బడిలో బంతులకు గాలి కొట్టిన పాత పంపు వెతికి తెచ్చి కొడుతున్నాడు. చంకలో హాజరుపట్టీ.

“తండ్రి పేరు నేను రాసిన,” అన్నాడు. “పోయే తేదీ నువ్వు రాయి.”