నూరు మార్కుల కాగితం

నేను కొన్ని పేజీల పరీక్ష కాగితాన్ని. నూరు మార్కులకు ఉంటాను. జిరాక్సు మిషన్లోంచి వెచ్చగా బయటికొచ్చి, అట్టకు క్లిప్పుతో బిగించుకుని, ఒక పెన్సిలును తోడు తెచ్చుకుని పెద్దవాళ్ల ముందు కూర్చుంటాను. ఇది ఏ తారీకు, ఏ నెల, ఏ ఊరు, ఏ అంతస్తు అని అడుగుతాను. మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక మళ్లీ చెప్పమంటాను. గడియారం బొమ్మ గీసి 5 గంటల 10 నిమిషాలు చూపించమంటాను. మతిమరుపు వయసు తెచ్చిందా, జబ్బు తెచ్చిందా అని తేల్చుకోవడానికి డాక్టర్లు పట్టుకునే తొలి దారాల్లో నేనొకదాన్ని. నా పూర్తి పేరు అడెన్‌బ్రూక్స్ కాగ్నిటివ్ ఎగ్జామినేషన్. ఆసుపత్రుల్లో ఏసీఈ అంటారు. నేను దాని తెలుగు రూపాన్ని.

నా మూలం ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్. అక్కడి అడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి పేరే నాకు వచ్చింది. 2000లో ‘న్యూరాలజీ’ పత్రికలో నన్ను లోకానికి పరిచయం చేసిన వ్యాసంలో మొదటి పేరు ఒక భారతీయ న్యూరాలజిస్టుది, పి.ఎస్. మథురనాథ్. ప్రొఫెసర్ జాన్ హాడ్జెస్ బృందంలో ఆయన చేసిన పని అది. 2004 నాటికి నాకు మలయాళ రూపం కూడా వచ్చింది. 2006లో నన్ను సవరించి ఐదు భాగాలు చేశారు: ధ్యాస, కాలం, చోటు తెలియడానికి 18 మార్కులు, జ్ఞాపకానికి 26, మాటలు గుర్తుకు తెచ్చుకునే వేగానికి 14, భాషకు 26, చూసి గీసే నేర్పుకు 16.

ఆ హాడ్జెస్ బృందంలోనే పనిచేసిన తెలుగు డాక్టరు సువర్ణ అల్లాడి. 2007లో ‘బ్రెయిన్’ పత్రికలో ఆమె మొదటి పేరుగా వచ్చిన వ్యాసం నా పుట్టుకకు కారణమేమిటో నాకే అర్థమయ్యేలా చేసింది. మాట తడబడుతోందనో, కళ్లు బాగానే ఉన్నా ఎదుటి వస్తువు పోల్చుకోలేకపోతున్నామనో వచ్చిన రోగుల మెదళ్లను మరణానంతరం మైక్రోస్కోపు కింద చూస్తే, వాళ్లలో చాలామందిలో ఉన్నది అల్జీమర్సే. 1906లో అలోయిస్ అల్జీమర్ ట్యూబింగెన్ సభలో వివరించిన ఫలకాలు, చిక్కుముడులే అక్కడా కనిపించాయి. జబ్బు ప్రతిసారీ జ్ఞాపకం గుమ్మంలోంచే లోపలికి రాదు. ఒక్క జ్ఞాపకాన్నే పరీక్షించే కాగితానికి అలాంటి రోగి దొరకడు. ఐదు వైపుల నుంచి అడగడం అందుకే.

తెలుగులో నా జీవితం హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో సాగింది. కేంబ్రిడ్జ్ కాగితంలో కంగారూ, పెంగ్విన్, హార్ప్ వాద్యం బొమ్మలున్నాయి. గుర్తుపెట్టుకోవాల్సిన చిరునామా డెవన్‌ది. నల్లగొండ జిల్లా రైతు పెంగ్విన్ పేరు చెప్పలేకపోతే అది జబ్బు కాదు, ఆయన దాన్ని ఎన్నడూ చూడలేదంతే. బడి మొహం చూడని ఆడమనిషి సమఘనం బొమ్మ గీయలేకపోతే దానికి మెదడును తప్పు పట్టకూడదు. యాభై ఏళ్లు నాట్లు వేసి, కూలి లెక్క నోటితోనే చూసుకున్న మనిషి ఆమె. పెన్సిలు పట్టుకోవడమే అదే మొదటిసారి కావచ్చు. మన దేశంలో ఆ వయసువాళ్లలో చదువు అందనివాళ్లు కోట్లలో ఉన్నారు. వాళ్లను వాళ్ల బతుకు కొలతతోనే కొలవాలి. నన్ను తెలుగు చేయడంలో అసలు శ్రమంతా అక్కడే పడింది.

మార్కులు వేసుకున్నాక ఇంటివాళ్లను అడిగేది మరొకటి ఉంటుంది: ఇది ఎప్పుడు మొదలైంది? తారీకు ఎవరికీ గుర్తుండదు. “రెండేండ్ల కిందట బతుకమ్మ ఆడుతుంటే పాట మధ్యలో ఆగిపోయింది మేడమ్, అప్పటిదాంక మంచిగనే ఉండె” అంటారు. “చిన్నోడి పెళ్లిలో సొంత వియ్యంకుణ్ణి ఎవరని అడిగారండీ” అంటారు. పండగలు, పెళ్లిళ్లు, కోతలు పట్టుకుని వెనక్కి లెక్కేసి ఒక వయసు రాసుకోవాలి. ఆ పక్కనే ఇంకో వివరం కూడా: ఈయన ఏయే భాషలు మాట్లాడతారు?

హైదరాబాదులో ఆ గడి ఖాళీగా ఉండటం అరుదు. ఇంట్లో తెలుగు, దుకాణంలో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లిషు, పక్కింటివాళ్లతో మరాఠీ. ఇది ఎవరూ గొప్పగా చెప్పుకోని నేర్పు. కానీ పరిశోధకులు అప్పటికే దాని గురించి ఒక ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారు: రెండు భాషలు వస్తే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఆలస్యమవుతుందా? 2007లో కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగుల వివరాలు చూసి, రెండు భాషలవాళ్లలో డిమెన్షియా నాలుగేళ్లు ఆలస్యంగా మొదలైందని రాసింది. వెంటనే ఒక అభ్యంతరం వచ్చింది. అక్కడ రెండు భాషలున్నవాళ్లలో ఎక్కువమంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు. ఆలస్యం భాష వల్లనా, వలస వెళ్లగలిగినంత గట్టి మనుషులు కావడం వల్లనా? ఈ ముడి టొరంటోలో విప్పడం కష్టం. ఊరు దాటకుండానే రెండు భాషలు, మూడు భాషలు బతికే చోట విప్పవచ్చు.

నిమ్స్‌లో సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్, ఉస్మానియా భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి సూరంపూడి బాపిరాజు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ తదితరులు ఆ పని చేశారు. 648 మంది రోగుల కేసు షీట్లు పరిశీలించారు. వాళ్లలో 391 మంది రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలవాళ్లు. 2013 నవంబరులో ఫలితం వచ్చింది. ఒక్క భాషవాళ్లలో జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, మిగతావాళ్లలో 65.6 ఏళ్లకు. నాలుగున్నరేళ్ల తేడా. చదువు, వృత్తి, పల్లె, పట్నం లెక్కలోకి తీసుకున్నా అది నిలిచింది. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

ఆ వ్యాసంలో నన్ను ఎక్కువగా కదిలించిన అంకె వేరే ఉంది. అసలు చదువుకోనివాళ్లను విడిగా చూస్తే తేడా ఆరేళ్లు. రెండు భాషలవాళ్లు ఎక్కువ చదువుకుని ఉంటారు కాబట్టే మెరుగ్గా ఉన్నారనే మాటకు అది సూటి జవాబు. అక్షరం రాకపోయినా, సంతలో ఒక భాషా ఇంట్లో ఒక భాషా మార్చి మార్చి వాడిన మెదడు జీవితాంతం కసరత్తు చేసినట్టే. ఒక భాష మాట్లాడేటప్పుడు రెండోదాన్ని అణిచి ఉంచాలి. మనిషి మారగానే భాష మార్చాలి. ఈ పని ధ్యాసను అదుపు చేసే భాగాల మీద పడుతుంది. మాదాపూర్ మెయిన్ రోడ్డు తవ్వేసినా గల్లీలన్నీ తెలిసిన ఆటో డ్రైవరు ఇంటికి చేరుస్తాడు. మెదడులో జబ్బు తన పని తాను చేసుకుపోతున్నా, వేరే దారులున్న మనిషి ఇంకొన్నేళ్లు తన పనులు తాను చేసుకోగలడని పరిశోధకుల ఊహ. తర్వాత అదే ఆసుపత్రిలో పక్షవాతం వచ్చిన 608 మందిని చూసినప్పుడు కూడా, తెలివితేటలు చెక్కుచెదరకుండా కోలుకున్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక్క భాషవాళ్లలో 19.6 శాతం.

ఈ ఫలితాన్ని మంత్రంలా చెప్పేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. రెండు భాషలు జబ్బును ఆపవు, ఆలస్యం చేస్తాయేమో అంతే. పైగా ఇది ఆసుపత్రి దాకా రాగలిగినవాళ్ల లెక్క. రానివాళ్లు ఇళ్లలోనే ఉండిపోయారు. వేరే దేశాల్లో ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి వెంటాడి చూసిన కొన్ని అధ్యయనాలకు ఈ మేలు కనిపించలేదు. వాదన ఇంకా తెగలేదు.

ఇప్పుడు నన్ను సైబరాబాద్ వైపు ఎక్కువగా పిలుస్తున్నారు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న ఏడాదే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ కూడా మొదలైంది. ఆ చుట్టూ ఎదిగిన అపార్టుమెంట్లలోకి కరీంనగర్ నుంచీ గుంటూరు నుంచీ అమ్మానాన్నలు వచ్చి చేరారు. సొంతూళ్లో జబ్బు దాక్కోగలదు. బావి ఎటో, కిరాణా కొట్టు ఎటో కాళ్లకే తెలుసు. పలకరించే మొహాలు అవే. కొండాపూర్ పద్నాలుగో అంతస్తులో ఆ ఆసరా ఉండదు. లిఫ్టులో ఏ బటన్ నొక్కాలో తెలియక కింద ఆగిపోయినప్పుడు సంగతి బయటపడుతుంది. కొడుకూ కోడలూ కాల్స్‌లో ఉంటారు, మనవడు ఇంగ్లిషులోనే బదులిస్తాడు. నిన్నటిదాకా ఊరంతటితో మాట్లాడిన పెద్దమ్మ పొద్దస్తమానం ఒక్క మాట లేకుండా గడుపుతుంది. “ఇప్పుడు మనం ఏ అంతస్తుల ఉన్నం పెద్దమ్మా?” అని నా ప్రశ్న అడిగినప్పుడు ఆమె కొడుకు వైపు తిరిగి చూస్తుంది. జవాబు కోసం అలా పక్కకు తిరిగే చూపును డాక్టర్లు గమనిస్తారు. నా మార్కుల్లో దానికి చోటు లేదు. తక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన అల్జీమర్స్ అని తీర్మానించడానికి లేదు. బి12 తక్కువున్నా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులు పట్టుకున్నా, చెవులు సరిగా వినపడకపోయినా నా దగ్గర మార్కులు పోతాయి. వాటికి వైద్యం ఉంది. అందుకైనా త్వరగా తీసుకురావాలి.

నాకు జరిగిన మార్పే ఈ ఐటీ కారిడార్‌లో ఎంఆర్ఐ బొమ్మకూ జరిగింది. మెదడు కుంచించుకుపోయిందా అని తేల్చాలంటే మామూలు మెదడు నమూనా ఒకటి పక్కన పెట్టుకోవాలి. ఏళ్లుగా ఎక్కువగా వాడింది కెనడాలోని మాంట్రియల్‌లో తయారైన నమూనా. ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం 100 మంది భారతీయ యువతీయువకుల స్కాన్లతో 2019లో మన నమూనా ఒకటి తయారుచేసింది. పాశ్చాత్య నమూనాలకన్నా మన మెదళ్లు సగటున ఎత్తులో, వెడల్పులో, ఘనపరిమాణంలో కాస్త చిన్నవని తేలింది. తెలివికి ఆ కొలతతో సంబంధం లేదు. కానీ సహజంగా చిన్నదైన మెదడును జబ్బుతో కుంచించుకుపోయిందనుకునే ప్రమాదం ఉంది. కేంబ్రిడ్జ్ పెంగ్విన్ బొమ్మ మన రైతుకు పెట్టిన ఇబ్బందే ఇక్కడ అంకెల్లో కనిపిస్తోంది. బాపిరాజు కూడా తర్వాత ట్రిపుల్ ఐటీకే వచ్చారు.

సువర్ణ అల్లాడి బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లారు. ఆమె పాలుపంచుకున్న ఐసీఎంఆర్ పరీక్షల సంపుటి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళాల్లో వచ్చింది. చదువుకున్నవాళ్లకూ చదువుకోనివాళ్లకూ వేర్వేరుగా పనికొచ్చేలా మొదటినుంచీ ఆలోచించి చేసింది అది. నా స్థానంలోకి అది వస్తే నాకు సంతోషమే. దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా చెబుతోంది. అందరినీ అడగడానికి నేనొక్కదాన్నీ చాలను.

ఆసుపత్రికి రానివాళ్ల సంగతి మాత్రం ఊళ్లలోనే తేలాలి. కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో, 45 ఏళ్లు దాటిన పదివేల మందిని ఎంచుకుని, మళ్లీ మళ్లీ అదే మనుషులను పరీక్షించే పని బెంగళూరు ఐఐఎస్సీలోని మెదడు పరిశోధన కేంద్రం చేపట్టింది. ఆ పల్లెల్లో కన్నడమూ తెలుగూ ఒకే వాకిట్లో వినిపిస్తాయి. నిమ్స్ కేసు షీట్లు సగమే చెప్పగలిగిన జవాబులో మిగతా సగం అలాంటి చోటునుంచి రావాలి.