అరకు ఎర్రమట్టిలో నేను

గింజలోంచి ముందుగా బయటికి వచ్చింది ఆకు కాదు, నేను. చలికాలంలో నర్సరీ మడిలో గింజల్ని చదునువైపు కిందికి ఉండేలా వరసగా పరిచి, పైన పలచగా మట్టి చల్లి, గడ్డి కప్పారు. నెల దాటాక ఇంకొన్నాళ్లకు పొట్టు చీల్చుకుని తెల్లటి మొన బయటపెట్టాను. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పనక్కరలేదు. నా మొన కణాల్లో పిండి రేణువులుంటాయి. బరువుకు అవి ఎటు జారితే అదే కింద. నేను మట్టిలో పట్టు చిక్కించుకున్నాకే కాండం వంగి, గింజను నెత్తిన పెట్టుకుని పైకి లేచింది.

నేను అరబికా కాఫీ మొక్కకు తల్లివేరును. మా జాతి పుట్టిల్లు ఇథియోపియా కొండల అడవి. నేను పుట్టింది మాత్రం తూర్పు కనుమల్లో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకు దగ్గరి ఒక కొండవాలు పక్కన.

నా బతుకు ఎలా సాగాలో నర్సరీలోనే తేలిపోయింది. మొదటి రెండాకులు విచ్చుకోకముందే మొక్కల్ని మడి నుంచి తీసి సంచుల్లోకి మారుస్తారు. ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఒక్కో మొక్కనూ ఎత్తి, ముందు వేరునే చూసేవారు.

"అప్పా, ఇది ఏపుగా ఉంది గానీ వేరు వంకరగుంది," అంది చిన్నామె.

"పక్కన పడేయి అమ్మీ. ఇప్పుడు జాలిపడితే మూడేళ్లకి ఏడవాల," అంది పెద్దామె.

ఆమె మాట అక్షరాలా నిజం. మెలిపడిన తల్లివేరు తర్వాత తిన్నగా అవదు. అలాంటి మొక్క కొన్నేళ్లు పచ్చగానే ఉంటుంది. కాపు బరువూ ఎండా కలిసి వచ్చిన ఏడాది వాడిపోతుంది. ఎరువు చాలలేదని, తెగులు తగిలిందని రైతు మథనపడతాడు. ఆ తప్పు ఎప్పుడో, వేరు వేలెడంత కూడా లేని రోజున జరిగిపోయి ఉంటుంది. అందుకే నర్సరీలో మట్టి చేతులతో కూర్చున్న ఆ ఇద్దరికీ నేను రుణపడి ఉన్నాను. కాఫీ రుచి గురించి మాట్లాడేవాళ్లు వాళ్ల పని గురించి మాట్లాడటం నేను వినలేదు.

సంచిలో ఆరు పాళ్లు అడవి మట్టి, రెండు పాళ్లు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. నీరు నిలవకుండా ఉండాలని ఆ ఇసుక. వేరుకు నీరెంత ముఖ్యమో గాలీ అంతే. మట్టి సందులన్నీ నీటితో నిండితే ఊపిరాడక కుళ్లిపోతాం. రోజులు గడిచేకొద్దీ నా కొస సంచి అడుగును తాకి చుట్లు తిరగసాగింది. వానలు పడి నాటే రోజు వచ్చాక, సంచి అడుగుతో పాటు ఆ చుట్టుకున్న కొసను కూడా కత్తితో కోసేశారు. ఆ కోత నాకు మేలే చేసింది. తెగిన చోటి నుంచి కొత్త వేర్లు తిన్నగా దిగాయి.

ఒకటిన్నర అడుగు లోతు గుంతలో నన్ను నిలబెట్టారు. తల్లివేరు పాతాళం దాకా పోతుందని చాలామంది అనుకుంటారు. అరబికాలో అలా కాదు. నేను పొట్టిదాన్ని, దాదాపు ఆ గుంత లోతుతోనే ఆగిపోతాను. నా నుంచి నాలుగు నుంచి ఎనిమిది దాకా నిలువు వేర్లు మాత్రం ఆరడుగులు, నేల అనుకూలిస్తే పదడుగులు కూడా దిగుతాయి. వేసవిలో మొక్కను కాపాడేది అవే. పక్కవేర్లు నేలకు సమాంతరంగా నాలుగైదు అడుగులు పాకుతాయి. తిండి తెచ్చే సన్నవేర్లలో ఎక్కువ భాగం పైఅడుగు మట్టిలోనే ఉంటాయి. నట్‌మాన్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికా నేలల్లో మా వేర్లను తవ్వి పరిశీలించి 1933లో ఈ అమరిక గురించి రాశాడు. నేల మారితే మా రూపమూ మారుతుంది. రాతిపొర అడ్డొస్తే పక్కకు తిరుగుతాం, నీరు నిలిచేచోట పైపైనే ఉండిపోతాం.

నేను పెరిగేది పొడవునా కాదు, కొస దగ్గరే. కొసకు ఒక తొడుగు ఉంటుంది. అది జిగురు విడుస్తూ, మట్టి రాపిడికి అరిగిపోతూ, మళ్లీ పుడుతూ దారి చేస్తుంది. దానికి కాస్త వెనక నూగు మొలుస్తుంది. ఆ నూగు కొన్నాళ్లే బతుకుతుంది, కానీ మొక్క తాగే నీటిలో చాలా భాగం దాని గుండానే వస్తుంది.

మా ఎర్రనేలలో ఒక చిక్కుంది. భాస్వరం ఉన్నా ఇనుము, అల్యూమినియం దాన్ని గట్టిగా పట్టేసుకుంటాయి. నా నూగు అందుకోలేని సందుల్లోకి శిలీంధ్రాల దారాలు దూరి, ఆ భాస్వరాన్ని తెచ్చి నాకిస్తాయి. బదులుగా పైన ఆకులు వండిన చక్కెర వాటికి పంచుతాను. ఈ ఇచ్చిపుచ్చుకోవడం లేకపోతే ఈ కొండమీద నేను నిలబడగలిగేదాన్ని కాదు. అందరూ ఇలా మంచివాళ్లే కాదనుకోండి. కంటికి కనిపించని నులిపురుగులు సన్నవేర్లలోకి చొరబడి, పుండ్లు చేసి, తినేస్తాయి. రొబస్టా వేర్లు వాటిని మాకంటే బాగా తట్టుకుంటాయి. అందుకే కొన్నిచోట్ల రొబస్టా వేరు మీద అరబికా కొమ్మను అంటు కడతారు.

ఈ వాలు ఒకప్పుడు పోడు భూమి. చెట్లు నరికి, కాల్చి, రెండు మూడు పంటలు తీసి వదిలేశాక వానలకు పైమట్టి గెడ్డల్లోకి కొట్టుకుపోయేది. పొట్టకూటికి పోడు చేసిన గిరిజనుల్ని నేను తప్పుపట్టను. ఆ నేలమీద నీడచెట్లూ కాఫీ కలిసి నిలిచాక మట్టి నిలిచింది. సిల్వర్ ఓక్ ఆకులు రాలి నా మీద పొరలుగా పడ్డాయి, మిరియాల తీగ దాని మాను మీదికి పాకింది. ఈ కనుమల్లో కాఫీ తొలిసారి 1898లో పాములేరు లోయలో వేళ్లూనింది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపులో కప్పు ఎంతో, ఈ పైఅడుగు మట్టి కూడా అంతేనని నా నమ్మకం.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఆ పైఅడుగునే కుదిపేసింది. సిల్వర్ ఓక్‌లు కొన్ని నడుముకు విరిగాయి, కొన్ని వేళ్లతో సహా లేచాయి. అవి లేచినచోట నా పక్కవేర్లూ తెగాయి. గాలికంటే తర్వాత వచ్చిన ఎండే ఎక్కువ బాధించింది. నీడ పోయి నేల కాగిపోతే పైనున్న సన్నవేర్లు ఎండిపోయాయి. లోతు వేర్లు తోడిచ్చిన నీటితోనే ఆ వేసవి గట్టెక్కాం. రైతు మళ్లీ నీడమొక్కలు నాటాడు, మొదళ్ల చుట్టూ ఆకుచెత్త కప్పాడు. ఆ చెత్త కిందే నా కొత్త వేర్లు తెల్లగా విచ్చుకున్నాయి.

మార్చి, ఏప్రిల్‌లో వచ్చే తొలిజల్లు కోసం నేను ఎదురుచూస్తాను. నెలల తరబడి ఎండిన తర్వాత ఆ తడి అందితేనే నిద్రలో ఉన్న మొగ్గలు మేలుకుంటాయి. వారం, పది రోజుల్లో కొండంతా తెల్లగా పూస్తుంది. ఆ జల్లు చాలకపోతే మొగ్గ సగంలో ఆగిపోతుంది.

రైతుకు నేను చెప్పుకోవాలనుకునేది ఒక్కటే. నా మొదలు దగ్గర కలుపుంటే కొడవలితో కోయి, పార లోతుగా దించకు. ఎరువు కాండానికి ఆనించి పోయకు, సన్నవేర్లు దూరంగా కొమ్మల కొసల కింద ఉన్నాయి, అక్కడ వెయ్యి.

ఈ ఏడాది కాపు కోశాక ముదిరిన కాండాన్ని అడుగు ఎత్తున నరకాలని అనుకుంటున్నారు. ఆకులు లేని ఆ కొద్దికాలం నా సన్నవేర్లలో చాలా చచ్చిపోతాయి, పెద్దవేర్లలో దాచుకున్న పిండితో నెట్టుకొస్తాను. మోడు పక్కన చిగుళ్లు లేస్తాయి. వాటిలో బలమైనవి ఒకటో రెండో ఉంచి మిగతావి గిల్లేస్తారు. మళ్లీ కాపు అందడానికి రెండు మూడేళ్లు పడుతుంది.