గురజాడ గడప తొక్కే ముందు

మా రోజుల్లో విజయనగరం వెళ్లి గురజాడ అప్పారావుగారి ఇల్లు చూడకుండా వస్తే పెద్దవాళ్లు చీవాట్లు పెట్టేవారు. ఆయన రాసిందేదీ చదవకుండా ఆ గడప తొక్కితే అంతకన్నా ఎక్కువ పెట్టేవారు.

బళ్లో తెలుగు మాస్టారు ‘దేశభక్తి’ గేయాన్ని ఒక్కొక్కరినీ లేపి అప్పజెప్పించుకునేవారు. ఒక్క మాట తప్పితే మళ్లీ మొదటినుంచి చెప్పాల్సిందే. సాయంత్రం అరుగు మీద ఆడవాళ్లు ‘పుత్తడి బొమ్మ పూర్ణమ్మ’ చదువుకునేవారు. ముసలి మొగుడికి అమ్మేసిన ఆ పిల్ల కోసం పైటకొంగుతో కళ్లు తుడుచుకునేవారు. కన్యాశుల్కం నాటకం ఆడుతున్నారంటే పొరుగూరికైనా నడిచి వెళ్లేవాళ్లం. అందుకే విజయనగరంలో దిగగానే మేం మొదట అడిగేది బొంకులదిబ్బ ఎటని. నాటకంలో గిరీశం మొదట కనిపించేది అక్కడే మరి. కోటా, దిబ్బా చూసుకుని అప్పారావుగారి ఇంటికి చేరేసరికి ఆ నాటకంలోని మధురవాణీ, వెంకటేశం, అగ్నిహోత్రావధాన్లూ మా వెంటే వస్తున్నట్టుండేది.

ఇప్పుడో? కారు దిగుతారు, విగ్రహం పక్కన నిలబడి ఫొటో తీసుకుంటారు, లోపలికోసారి తొంగి చూస్తారు, ‘ఇంతేనా’ అనేసి వెళ్లిపోతారు. ఇంతే మరి! చదవనివాడికి అవి పాత గోడలూ, పాత సామానూ కాక ఇంకేం కనిపిస్తాయి? పిల్లల్ని ఏమీ అనను, నా కోపమంతా తల్లిదండ్రుల మీదే. “మావాడికి తెలుగు చదవడం రాదండీ” అని నవ్వుతూ చెబుతారు, అదేదో ఘనకార్యమైనట్టు. ఆ మాట ఆ ఇంటి ముందు నిలబడి అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. జనం మాట్లాడే తెలుగే పిల్లల చదువుల్లో ఉండాలని పట్టుబట్టి, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసిచ్చిన మనిషి ఇల్లది. ఆ మరుసటి ఏడాదే, 53 ఏళ్లకే, ఆయన కన్నుమూశారు.

కన్యాశుల్కం నాటకాన్ని ఆయన ఊరికే ఊహించి రాయలేదు. విజయనగరం మహారాజు ఆనంద గజపతికోసం, విశాఖపట్నం జిల్లాలో ఆడపిల్లకు వెల కట్టి చేసిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల లెక్క తీయించారు. మూడేళ్లలో నమోదైనవే 1034. వాటిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసిగుడ్లకు కట్టిన వెల 350 నుంచి 400 రూపాయలు! ఈ సంగతులన్నీ 1897లో అచ్చయిన మొదటి కూర్పు ముందుమాటలో ఆయనే రాశారు. 1892లోనే ఆడిన నాటకాన్ని అంతటితో వదిలేయక, 1909 నాటికి దాదాపు కొత్త నాటకం అన్నంతగా పెంచి తిరగరాశారు. ఆ ఇంటికి వచ్చే పిల్లలకు ఇందులో ఒక్క ముక్కైనా ఎవరైనా చెబుతున్నారా?

మా రోజుల్లో అంతా బంగారమేమీ కాదు. పుస్తకం కొనడానికి డబ్బుల్లేక ఒకే ప్రతిని ఇంటింటికీ తిప్పుకుని చదివేవాళ్లం. ఇప్పుడు డబ్బుంది, పుస్తకం దొరుకుతుంది, దారులు బాగున్నాయి. లేనిదల్లా తీరికగా కూర్చుని చదివే అలవాటే. ఏటా ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 21న విగ్రహానికి దండ వేసి ఉపన్యాసాలిస్తే ఆ లోటు తీరదు.

గురజాడ ఇంటికి తప్పకుండా వెళ్లండి. పిల్లల్నీ తీసుకెళ్లండి. కాకపోతే ముందు సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని, తలో పాత్రా పంచుకుని, కన్యాశుల్కం బిగ్గరగా చదవండి. తెలుగు రాని పిల్లవాడుంటే మీరు చదివి వినిపించండి, వాడిచేత పలికించండి. ఆ తరవాతే విజయనగరం బస్సెక్కండి.