టీ కొట్టు బల్ల మీద బర్డీ

గంపలగూడెం సెంటర్లో టీ కొట్టు బల్ల చివర ఒకడు కూర్చుని ఉంటాడు. ఫోన్ తెర మీది బంతిని బొటనవేలితో కిందికి లాగి, ఊపిరి బిగబట్టి వదులుతాడు. "పోయింది! గాలి లాగేసింది" అంటాడు. ఆకు కదలని మే నెల ఎండలో ఏ గాలిరా అని కొత్తవాళ్లు చెట్లవైపు చూస్తారు. పాతవాళ్లు చూడరు.

ఊరు ఇతన్ని గోల్ఫ్ దొర అంటుంది. మామిడి తోట ఉన్న ఇంటి పిల్లాడు, డిగ్రీ అయింది, ఉద్యోగం రేపోమాపో.

ఆడేది గోల్ఫ్ క్లాష్. 2017లో ఇంగ్లండ్ కంపెనీ ప్లేడెమిక్ వదిలిన ఆట. మరుసటేడు బాఫ్టా అవార్డు కొట్టింది. 2021లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆ కంపెనీనే 140 కోట్ల డాలర్లు పోసి కొనేసింది. ఈ ముక్క చెప్పేటప్పుడు దొర మొహం చూడాలి, తన వాటా ఇంకా ఖాతాలో పడనట్టు! టీ డబ్బులు మాత్రం పక్కవాడే ఇస్తాడు.

ఈ ఆటల వంశచరిత్ర కూడా అతని నాలుక మీదే ఉంటుంది. 1984లో నింటెండో తెచ్చిన గోల్ఫ్ ఆటకు ప్రోగ్రాం రాసిన సతోరు ఇవాటా తర్వాత ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. 1989లో అరచేతిలో పట్టే గేమ్ బాయ్‌లోకీ గోల్ఫ్ వచ్చింది. "గెలిపించేది అదృష్టం కాదు బాబాయ్, టైమింగు" అంటాడు దొర.

ఆ టైమింగు ఎలా ఉంటుందంటే: తెర మీద గాలి అంకె, దాని బాణం కనబడతాయి. దొర కళ్లు చిట్లించి, గాలికి ఎదురుగా గురి కాస్త జరుపుతాడు. బంతిని లాగుతాడు. సూది అటూ ఇటూ ఊగుతుంది. సరిగ్గా నడిమికి వచ్చే క్షణాన తెర పైభాగంలో 'నాన్న' అని వెలుగుతుంది. బంతి నీళ్లలో పడుతుంది.

"కోతకి మనుషులొచ్చారు, ఎక్కడ చచ్చావురా?"

"వస్తన్నా నాన్నా, ఒక్క హోల్ ఉంది."

"ఎవరి పొలంలోరా? ఎన్ని అడుగులకి పడ్డాయి నీళ్లు?"

దొర పాఠం ప్రకారం, గుంటకు ఇన్ని దెబ్బలని పెట్టిన లెక్క పార్; దానికంటే ఒక దెబ్బ తక్కువైతే బర్డీ, రెండైతే ఈగిల్, మూడైతే ఆల్బట్రాస్. ఇదంతా విన్న పెద్దాయనొకడు "ఇన్ని పిట్టలు మన కట్టలేరు వాగులో కూడా లేవు గదరా" అన్నాడు.

దొరకూ ఒక మంచి రోజు వచ్చింది. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. క్రికెట్ తప్ప ఎరగని దేశం పొద్దున్నే లేచి గోల్ఫ్ అర్థాలు వెతికింది. టీ కొట్టుకి ఆ వెతుకులాట అక్కర్లేకపోయింది, దొర ఉన్నాడు. ఆ పూట అతని టీకి ఇద్దరు డబ్బులివ్వబోయారు.

నిజమైన గోల్ఫ్ మైదానం మాత్రం దొర చూడలేదు. కాలేజీ టూరులో గోల్కొండ ఎక్కి సెల్ఫీలు దిగాడు. ఆ కోటను ఆనుకునే గోల్ఫ్ కోర్సు ఉందని తెలిసింది ఇంటికొచ్చాకే. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లనీ, సంచిలో 14 కర్రలకు మించకూడదనీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తోటలో బంగినపల్లి చెట్లెన్నో మాత్రం నాన్నని అడగాలి.

ఇలాంటి దొర మీ ఊళ్లోనూ ఉండే ఉంటాడు. పని ఉంటే పిలవండి, కానీ సూది ఊగడం ఆగాక.