ఎలుకల మెడలో గంట

మా మేనకోడలు ఎంబీఏ చదువుతోంది. పరీక్షల ముందు రోజు ఫోన్ చేసి, "మావయ్యా, నువ్వు ఇరవై ఏళ్లు ఐటీలో చేశావుగా, దీనికి జవాబు చెప్పు" అంది. ప్రశ్న ఇదీ: "పెద్ద వ్యాపార సంస్థలో మానవ వనరుల నిర్వహణపై ప్రభావం చూపే ముఖ్యాంశాలను వివరింపుము. పది మార్కులు."

పుస్తకంలో ఏముందే అంటే గడగడా అప్పజెప్పింది. ఆర్థిక పరిస్థితి, చట్టాలు, కార్మిక సంఘాలు, సాంకేతిక మార్పులు, సంస్థ సంస్కృతి. పంచభూతాల్లా భలే కుదిరాయి. "అవే రాసెయ్" అన్నాను. నాకు తెలిసిన జవాబు రాస్తే పిల్ల తప్పుతుంది.

ఆ జవాబు నేను 2018 మార్చిలో, మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ ఏడో అంతస్తులో నేర్చుకున్నాను. కంపెనీ పేరు వద్దులెండి. ఆ చుట్టుపక్కల ఏ మేడ ఎక్కినా ఇదే కథ. ఏటా జరిగే అప్రైజల్ తంతులో ఆఖరి ఘట్టం పేరు నార్మలైజేషన్ మీటింగ్. నా టీములో పదకొండు మంది. ఆ ఏడాది అందరూ ఒళ్లు దాచుకోకుండా పనిచేశారు. దీపావళి రాత్రి కూడా సర్వర్ దగ్గర కాపలా కాశారు. అందరికీ మంచి రేటింగులే వేసుకుని వెళ్లాను. గోడమీద ప్రొజెక్టర్ వెలుగులో ఎక్సెల్ షీటు, బల్లమీద సమోసాలు. హెచ్‌ఆర్ అమ్మాయి నా వరుస చూసి నొచ్చుకుంది. "సార్, మీ టీము కర్వ్‌లో ఫిట్ అవడం లేదు."

చొక్కా పట్టకపోతే చొక్కా మార్చుకుంటాం. అక్కడ ఒళ్లు కోసుకు రమ్మంటారు.

తెలియనివారికి కాస్త చెప్పాలి. బెల్ కర్వ్ అంటే గంట ఆకారంలో ఒక గీత. పైన కొద్దిమంది మేటివాళ్లు, నడుమ బోలెడుమంది మామూలువాళ్లు, అడుగున పదిశాతం పనికిరానివాళ్లు. మనుషుల్ని చూడకముందే ఈ లెక్క తేలిపోయి ఉంటుంది. మనం చేయాల్సిందల్లా గళ్లు నింపడమే. పదకొండులో పదిశాతమంటే 1.1 మంది. అంటే ఒక నిండు మనిషీ, ఇంకొకడి కాలో చెయ్యో.

ఈ గీతను జర్మన్ గణితవేత్త గౌస్ నక్షత్రాల పరిశీలనలో దొర్లే పొరపాట్లను లెక్కగట్టడానికి వాడాడు. లక్షమంది ఎత్తు కొలిస్తే కూడా దాదాపు ఈ ఆకారమే వస్తుంది. పదకొండు మందిని కొలిస్తే ఎగుడుదిగుడు తప్ప ఏమీ రాదు. పైగా వీళ్లు దారినపోయేవాళ్లు కారు. క్యాంపస్‌లో రాత పరీక్ష, గ్రూప్ డిస్కషన్, మూడు ఇంటర్వ్యూలు దాటి వచ్చినవాళ్లు. చేరిన రోజున ఇదే హెచ్‌ఆర్ పూలగుత్తి చేతిలో పెట్టి, వేలమందిలోంచి ఏరి తెచ్చిన ముత్యాలు మీరంది. మరుసటి మార్చికల్లా ప్రతి పదో ముత్యమూ గవ్వ అయిపోయిందంటే, ఏరినవాళ్ల చేతికి ఏ రేటింగ్ ఇవ్వాలో ఏ షీటులోనూ గడి లేదు.

ఇక బేరాలు మొదలయ్యాయి. బోయినపల్లి మార్కెట్లో టమాటా వేలానికి ఇంతకంటే మర్యాద ఉంటుంది. "మీవాడికొక ఫైవ్ వదిలేస్తాను, మావాడి త్రీ ఫోర్ చెయ్యండి." "పోయినేడు మీరే కదా ఇద్దరిని ఎత్తుకుపోయారు!" కొందరు మేనేజర్లు ఈ విద్యలో తలపండినవాళ్లు. రాజీనామా ఇచ్చి నోటీసు పీరియడ్‌లో ఉన్నవాడి నెత్తిన అడుగు రేటింగ్ రుద్దేస్తారు, ఎలాగూ పోయేవాడే కదా అని. ఎవరూ పోకపోతే చీటీల పాటే. ఈ ఏడాది నువ్వు సర్దుకో, వచ్చే ఏడాది నీకే పాడిపెడతాను. సభ్యుడు పాట ఎత్తుకునేలోగా చీటీ నడిపినాయన ఇంకో కంపెనీలో పెద్ద జీతానికి చేరిపోవడం రివాజు.

నా దగ్గర పోయేవాళ్లెవరూ లేరు. చివరికి ఒకమ్మాయి పేరు దగ్గర కర్సర్ ఆగింది. కాన్పుకి వెళ్లి వచ్చింది. ప్రసూతి సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచుతూ పార్లమెంటు 2017లో చట్టం సవరించింది. మా కంపెనీ దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది, బోర్డు మీద గులాబీరంగు పోస్టరు కూడా అంటించింది. "ఆర్నెల్లు కనబడలేదు కదా సార్, జస్టిఫై చేయడం తేలిక" అంది హెచ్‌ఆర్ అమ్మాయి. చట్టం ముందు గుమ్మంలోంచి ఇచ్చినదాన్ని గంట పెరటి గుమ్మంలోంచి పట్టుకుపోయింది. ఆ గడిలో రెండు అంకె కొట్టింది నేనే. తర్వాత సమోసా కూడా తిన్నాను.

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలా అని ఎలుకలు మీటింగ్ పెట్టుకున్న కథ మనందరికీ తెలుసు. మా దగ్గర మీటింగ్ పిల్లులు పెట్టుకున్నాయి. గంట ఎలుకల మెడలో పడింది.

ఈ గంటను కార్పొరేట్ లోకంలో గట్టిగా మోగించిన మహానుభావుడు జాక్ వెల్చ్. 1981 నుంచి 2001 దాకా అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌ను ఏలాడు. పైన ఇరవై, నడుమ డెబ్బై, అడుగున పది. అడుగు పదిని ఏటా ఊడ్చెయ్యాలన్నది ఆయన సూత్రం. ఆయన గద్దెనెక్కేనాటికి నాలుగు లక్షల పైచిలుకున్న సిబ్బంది 1985 చివరికి మూడు లక్షలకు దిగింది. న్యూట్రాన్ బాంబు పడ్డట్టు భవనాలు నిలిచి మనుషులు మాత్రం మాయమవుతున్నారని ఆయనకు న్యూట్రాన్ జాక్ అని పేరు పెట్టారు. మన మేనేజ్‌మెంట్ కాలేజీలు ఆయన పటానికి హారతి పట్టాయి.

మీటింగ్‌లో నేనొక ధర్మసందేహం అడిగాను. ఇలాంటి పద్ధతినే మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది కదా, మనమెందుకు పట్టుకు వేలాడుతున్నాం అని. "మనం గ్లోబల్ బెస్ట్ ప్రాక్టీస్ ఫాలో అవుతున్నాం సార్" అని జవాబు. అమెరికావాడు విప్పి పారేసిన కోటు మనకు పెళ్లిబట్టలు. ఆ మీటింగ్ అయిన మూడు నెలలకే, 2018 జూన్‌లో, వందేళ్లకు పైగా డౌ జోన్స్ సూచీలో కూర్చున్న జనరల్ ఎలక్ట్రిక్‌ను అందులోంచి తీసేశారు. 2024 నాటికి అది మూడు ముక్కలైంది. అది గంట పాపమే అనను, అప్పుల వ్యాపారం కూడా ముంచింది. కానీ సూచీ అడుగున పడిందని ఊడ్చేస్తే ఎలా ఉంటుందో ఆ కంపెనీకీ ఒకసారి తెలిసొచ్చింది.

ఇంతకీ అసలు రహస్యం నాకు లిఫ్టులో తెలిసింది. ఫైనాన్స్‌లో పనిచేసే మిత్రుడు చెప్పాడు: ఇంక్రిమెంట్ల బడ్జెట్ జనవరిలోనే ఖాయమైపోయిందట. ముందు సొమ్మెంతో తేల్చారు. దానికి సరిపడా ఎంతమంది మేటివాళ్లుండాలో భాగించి చూశారు. ఆ తర్వాతే ప్రతిభను కొలవమని మమ్మల్ని కూర్చోబెట్టారు. పీటలమీద పెళ్లి అయ్యాక జాతకాలు చూడటం లాంటిది. పుస్తకంలోని పంచభూతాలు ఈ ఒక్క గడి చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటాయి. సంస్థ సంస్కృతి అంటారా, అది సంక్రాంతికి లాబీలో ముగ్గుల పోటీ, దసరాకు క్యాంటీన్ ముందు బతుకమ్మ. "మనమంతా ఒక కుటుంబం" అని మెయిలు. ఏ కుటుంబంలో ఏటా మార్చిలో పదిమందికొకరిని గుమ్మం దాటిస్తారో చెబితే వాళ్లింట సంబంధం కలుపుకోకుండా జాగ్రత్తపడతాం.

కంపెనీవాళ్లు నిజంగా జంకేది చట్టానికే. తీసేస్తే నెల నోటీసు ఇవ్వాలి, పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున పరిహారం కట్టాలి అని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ కూడా ఆ మాట ఉంచింది. అందుకే ఎవరినీ తీసెయ్యరు. చిన్న గదిలోకి పిలుస్తారు. బల్లమీద నీళ్ల సీసా, టిష్యూల డబ్బా. "మీరే పేపర్లు పెట్టేస్తే మీకే మంచిది, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం." ఆ లెటర్ లేకపోతే పక్క మేడలో ఉద్యోగం రాదు. బయటికొచ్చాక రికార్డులో ఉండేది స్వచ్ఛంద రాజీనామా. నా టీము అమ్మాయిని కూడా ఆగస్టులో ఆ గదిలోకే పిలిచారు.

ఇక కార్మిక సంఘాలు. 1901లో అమెరికాలోని డేటన్‌లో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో పెద్ద కార్మిక గొడవ జరిగి, ఆ దెబ్బకు యజమాని సిబ్బంది సమస్యలు వినడానికంటూ ఒక విభాగం పెట్టాడు. హెచ్‌ఆర్ వంశవృక్షం అక్కణ్నుంచే మొదలవుతుందని వాళ్ల పుస్తకాలే చెబుతాయి. అంటే కార్మికుల కోపం కన్న బిడ్డ. మా ఏడో అంతస్తులో ఆ తల్లి పేరెత్తితే "యాటిట్యూడ్ ఇష్యూ" అని అప్రైజల్‌లో రాస్తారు.

మొన్న మేనకోడలి గ్రేడ్లు వచ్చాయి. ఆ ఐదూ పొల్లు పోకుండా రాసిందట, అయినా బి గ్రేడే. అదేమిటే, బాగానే రాశానన్నావుగా అన్నాను.

"అందరూ బాగానే రాశారు మావయ్యా. మా కాలేజీలో గ్రేడింగ్ బెల్ కర్వ్ మీదే."